వెళ్ళి రమ్మన్న చెట్టు

ఆ ఇంట్లో "వెళ్తున్నా" అన్న మాట నిషేధం. గడప దాటేవాళ్ళెవరైనా "వెళ్ళొస్తా" అనాల్సిందే. ఊరు దాటి పోయేవాళ్ళ సంగతి సరే, చెత్తబుట్ట కింద పెట్టి రావడానికి దిగినా అదే రూలు. పొరపాటున ఎవరైనా నోరు జారి "వెళ్తున్నా" అన్నారో, లోపలి గదిలోంచి అత్తగారి గొంతు ఖంగున మోగేది.

"వెళ్తున్నా ఏంటి, వెళ్తున్నా! తిరిగొచ్చే ఉద్దేశం లేదా? వెళ్ళొస్తానని ఏడువు!"

ఆవిడకి చెవుడు. తలుపు బెల్లు కొట్టినా వినపడదు, పక్కన బిందె పడినా వినపడదు. ఆ ఒక్క మాట మాత్రం ఎన్ని గోడల అవతల నుంచైనా పట్టేసేది. అదేం చెవుడో ఆ దేవుడికే తెలియాలి.

కోడలికి ఇలాంటి పట్టింపులేం లేవు. ఆమె కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో పనిచేస్తుంది. డాక్టరు రాసిన పవరుకి తగ్గ అద్దం తీసుకుని, అంచులు అరగదీసి, ఫ్రేములో వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోబెట్టడం ఆమె పని. బిల్డింగులో అందరూ ఆమెని అద్దాలావిడ అంటారు. కనపడేదాన్ని నమ్మడం, కనపడకపోతే ఇంకో అద్దం మార్చి చూడటం, అంతే ఆమెకి తెలిసిన వేదాంతం. అత్తగారి రూలుని మాత్రం, ఎందుకొచ్చిన గొడవలే అని, పాటించేది.

పాటించనిదల్లా కొడుకే. ఆయన లిఫ్టు మెకానిక్. తల్లిని ఉడికించకపోతే ఆయనకి పొద్దు గడిచేది కాదు. పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, లిఫ్టులో నిలబడి, కావాలనే "అమ్మా, వెళ్తున్నా!" అని కేకేసేవాడు. ఆవిడ తిట్లు అందుకునేది. లిఫ్టు కిందికి దిగాక, కింద నుంచి గొంతు చించుకుని "వెళ్ళొస్తాలేవే!" అని అరిచేవాడు. ఆ అరుపు మెట్ల మీదుగా మూడో అంతస్తు దాకా పాకి వచ్చేది. కూతురు ఈ నాటకం చూడటానికే బడికి తయారై గుమ్మంలో నిలబడేది. ఆ పిల్లని అందరూ పిచుక అంటారు. అసలు పేరు బడిలో వాళ్ళకి తెలిసే ఉంటుంది, ఇంట్లో ఎవరూ వాడిన పాపాన పోలేదు.

పోయిన ఏడాది క్రిస్మస్ అయిపోయాక ఒక పొద్దున, ఇంట్లో పెట్టిన క్రిస్మస్ చెట్టుని తీసేసే పని పడింది. గదిలో ఓ మూల ఆకు రాలుస్తూ నిలబడ్డ ఆ చెట్టుని ఆయన పెరికినంత పనిచేసి, తీసుకెళ్ళి లిఫ్టులో నిలబెట్టాడు. తనూ పక్కనే ఇరుక్కున్నాడు. కొమ్మల మధ్యలోంచి ముక్కూ, మీసం, కాస్త నవ్వూ తప్ప ఇంకేం కనపడలేదు.

పిచుక గుమ్మంలోంచి చెయ్యూపింది. "చెట్టూ, వెళ్ళిరా!"

ఆ పిల్లకి నేర్పిన మర్యాద అది. వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తానంటారు, ఉండేవాళ్ళు వెళ్ళిరా అంటారు. చెట్టైతే మాత్రం మర్యాద మర్యాదేగా.

"మరి నాకో?" అన్నాడు కొమ్మల్లోంచి నాన్న.

"నువ్వు వెళ్ళొస్తా అనలేదుగా!"

"అమ్మా, నేను వెళ్తున్నా!" అని ఆయన మామూలుగానే కేకేశాడు. లోపలి నుంచి మామూలుగానే తిట్లు వచ్చాయి. ఆయన నవ్వాడు. "చెట్టుకి చెప్పింది కదే నీ మనవరాలు! అందులో సగం నాకు!"

లిఫ్టు తలుపు మూసుకుంది. కింద నుంచి రోజూ వచ్చే అరుపు ఆ రోజు వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. అద్దాలావిడ అప్పటికే చీపురు పట్టుకుని, రాలిన ఆకు ఊడుస్తోంది. ఆయన చెట్టుని గోడవారగా చెత్తడబ్బాల పక్కన పడేసి, పనికి వెళ్ళాడు. సగం కట్టిన ఓ పెద్ద భవనంలో లిఫ్టు బిగిస్తూ గుంటలో పడ్డాడు. ఇంటికి కబురు వచ్చింది గానీ మనిషి రాలేదు.

అప్పట్నుంచి ఆ ఇంటికి పట్టిన దిగులు ఒకటే. పిచుక ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. సాయంత్రం ఆయన వచ్చే వేళకి గడియ తీసి, గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది.

తల్లి దాపరికం లేకుండా చెప్పింది. "నాన్న చచ్చిపోయాడమ్మా. ఇక రాడు."

"తెలుసు," అంది పిచుక.

"మరి ఎవరి కోసం కూర్చున్నావు?"

"చెట్టు వస్తుంది కదా. దానికి వెళ్ళిరా అన్నాను కదా. దాంతోపాటు వస్తాడు. సగం నాకన్నాడుగా!"

పెద్దవాళ్ళ మాటైతే కాదని కొట్టిపారేయొచ్చు, తిట్టొచ్చు. ఏడేళ్ళ పిల్ల అంత నెమ్మదిగా, అంత ఖాయంగా చెబుతుంటే ఏం చెయ్యాలి? అత్తగారిని సాయం అడిగితే ఆవిడ మొహం తిప్పేసుకుంది. మనవరాలు పీట వేసుకుంటే, ఆవిడ ఆ వెనకే కుర్చీ వేసుకునేది. ఇద్దరూ ఇద్దరే. ముసలావిడ సంగతి ఎలా ఉన్నా, బిడ్డని మాత్రం ఆ గుమ్మంలోంచి లేపాలి. అద్దాలావిడకి ఏడాదంతా అదే ధ్యాస.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. మొదట అసలు చెట్టే వద్దనుకుంది. తర్వాత ఒక ఆలోచన తట్టింది. కొత్త చెట్టు తేవాలి. పోయినసారి దానికి బొత్తిగా పోలిక లేనిది, పొట్టిగా, గుండ్రంగా ఉండేది తేవాలి. అది గదిలో నిలబడితే, పాతది రాదని పిల్లకి దానంతట అదే అర్థమవుతుంది. అద్దం సరిపోకపోతే ఇంకోటి పెట్టి చూడటమేగా. ఆమె తన ఆలోచనకి తనే మెచ్చుకుంది పాపం.

పెట్రోలు బంకు పక్కన ఖాళీ స్థలంలో చెట్లు అమ్ముతారు. వలసంచుల్లో బిగించిన చెట్లు కర్రలకి చేరేసి వరసలుగా నిలబెట్టి ఉంటాయి. అడిగితే చెట్లాయన వల విప్పి చూపిస్తాడు. కొమ్మలు ఒళ్ళు విరుచుకున్నట్టు మెల్లగా కిందికి వాలతాయి. నేలంతా రంపపు పొట్టు, జిగురు వాసన. మంచు పడుతున్న మధ్యాహ్నం అది, జనం పలచగా ఉన్నారు.

"ఎలాంటిది కావాలమ్మా?" అన్నాడు చెట్లాయన. లావుపాటి మనిషి, చేతికి జిగురు అంటుకుని నల్లబడ్డ తొడుగులు. "నిలువుగా కావాలా, పక్కలకి కావాలా? మనుషుల్లాగే అన్ని రకాలూ ఉన్నాయి నా దగ్గర."

"పొట్టిది. గుండ్రంగా ఉండాలి. తల వంకర ఉండకూడదు, ఒక పక్క బోడిగా ఉండకూడదు."

"సంబంధాలు చూస్తున్నారా, చెట్టు చూస్తున్నారా?" అని ఆయన నవ్వాడు.

ఆమె పనిలో దిగితే మొహమాటం ఎరగదు. చెట్టు చుట్టూ తిరిగి, ఒక కన్ను మూసి, మాను నిట్టనిలువుగా ఉందో లేదో చూసింది. కొమ్మ పట్టుకుని లాగితే ఆకు రాలుతోందో లేదో చూసింది. నాలుగైదింటికి వంకలు పెట్టాక ఒకటి నచ్చింది. బొద్దుగా, బుద్ధిగా ఉంది. పాత చెట్టుకి దీనికి ఏ కోశానా చుట్టరికం లేదు.

"ఇదిగో పిచుకా, ఎలా ఉంది?" అని వెనక్కి తిరిగింది. పిల్ల లేదు.

పిచుక వరసల మధ్య నడుస్తోంది. ఒక్కో చెట్టు ముందు ఆగి, వలలోకి మొహం పెట్టి, గుసగుసగా "నువ్వేనా?" అంటోంది. కాసేపు ఆగి, తల అడ్డంగా ఊపి, తర్వాతి దాని దగ్గరికి వెళ్తోంది. తల్లికి సిగ్గేసింది, భయమూ వేసింది. పరుగులాంటి నడకతో వెళ్ళేసరికి పిల్ల చివరి వరస కూడా దాటేసింది. అక్కడ ప్రహరీ మూలలో, ఏ కర్రకీ ఆనకుండా, వల లేకుండా ఒక చెట్టు ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది, తల కాస్త ఎడమకి వాలి ఉంది.

"అమ్మా, వచ్చేసింది," అంది పిచుక.

"అన్ని చెట్లూ ఇలాగే ఉంటాయే తల్లీ..." అంటూ అద్దాలావిడ దగ్గరికి వచ్చింది.

కింది కొమ్మ ఒకటి విరిగి, అతికించి ఉంది. కరెంటు పనివాళ్ళు వాడే పసుప్పచ్చ టేపు చుట్టి ఉంది. టేపు కొస లోపలికి చిన్నగా మడిచి ఉంది. పోయిన ఏడాది పిచుక ఊగితే విరిగిన కొమ్మ అదే. చుట్టింది ఆయన. టేపు ఎక్కడ చుట్టినా ఆయన కొస మడిచేవాడు. "రేపు విప్పేవాడికి గోరు అందాలి కదా," అనేవాడు. వేరేవాళ్ళెవరూ అలా మడవడం ఆమె చూడలేదు. ఇంట్లో దీపపు తీగలకీ, గొట్టాలకీ, చివరికి ముసలావిడ చేతికర్రకి కూడా ఆ మడతే ఇప్పటికీ ఉంది.

ఆమె కొమ్మని వేలితో తాకింది. ఆకు పచ్చిగా, చల్లగా ఉంది.

చెట్లాయన వెనకే వచ్చాడు. చెట్టుని కిందా మీదా చూసి మొహం చిట్లించాడు. "ఇది నా సరుకు కాదే! నా వాటన్నిటికీ ఎర్ర చీటీ ఉంటుంది. ఎవరు తెచ్చి పెట్టారబ్బా?" వంగి, మాను అడుగు వేలితో గీకాడు. "ఇదేంటమ్మా! కోత చూస్తే ఎండిపోయి నల్లబడిపోయింది. ఆకు చూస్తే నిన్న నరికినట్టుంది. ఇదెలా కుదురుతుంది?"

అద్దాలావిడ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మాకు ఆ పొట్టిదే కావాలండీ. సాయంత్రం ఇంటికి పంపించండి."

"మంచి పని చేశారమ్మా," అన్నాడాయన. నవ్వలేదు.

పిల్ల యాగీ చేస్తుందనుకుంది. పిచుక బుద్ధిగా వెంట నడిచింది. కొంత దూరం నడిచాక మాత్రం, "పర్లేదమ్మా, దానికి దారి తెలుసు," అంది.

సాయంత్రం, పిచుక నాన్న ఇంటికొచ్చే వేళకి లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల చెట్టు నిలబడి ఉంది. పక్కన మనిషి లేడు.

తల ఎడమకి వాలి ఉంది. పసుప్పచ్చ టేపు లిఫ్టు దీపం వెలుగులో మెరుస్తోంది.

అద్దాలావిడ ఫోను అందుకుంది. ఎవడో పొరపాటు చేసుంటాడు, అడిగితే తేలిపోతుంది. "ఏవండీ, మేం అడిగింది ఒకటి, మీరు పంపింది ఒకటి!"

"పంపలేదమ్మా ఇంకా," అన్నాడు చెట్లాయన. "మీ చెట్టు కట్టేసి నా ఎదురుగానే ఉంది. బండివాడు రాలేదు, అదే చూస్తున్నా. ఆ మూలది మాత్రం ఇందాకట్నుంచి కనపడ్డం లేదు. ఎవరో ఎత్తుకెళ్ళారనుకుంటున్నా."

ఆమె ఫోను పెట్టేసేలోపు ముసలావిడ లేచి, చేతికర్ర తాటించుకుంటూ లిఫ్టు దగ్గరికి వెళ్ళింది. టేపు మీద బొటనవేలు రాసింది. తన చేతికర్ర మీది మడతని ఓసారి, కొమ్మ మీది మడతని ఓసారి తడిమి చూసుకుంది.

"వాడు చుట్టిందే," అంది. "అమ్మాయ్, లోపల పెట్టు."

"అత్తయ్యా, వద్దు. నా మాట వినండి."

"వాకిట్లోకి వచ్చినదాన్ని పొమ్మంటామా? లోపల పెట్టు."

పెట్టింది. ఎందుకు పెట్టావమ్మా తల్లీ అని నిలదీస్తే ఆమె ఏం చెబుతుంది? అత్తగారి మాట కాదనలేక అని చెబుతుంది. అది అబద్ధం. ఆ టేపు చూసిన క్షణం నుంచి ఆమెకీ ఆశ పుట్టింది. ఆయన మీసం, నవ్వు, ఆ వెధవ అరుపు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మెట్ల మీదుగా పాకి వస్తే చాలని ఏడాదిగా ఆమె పళ్ళు బిగపట్టుకుని బతుకుతోంది. ఆశకి అద్దాలు అరగదీయడం ఎవరికీ చేతకాదు.

పొట్టి చెట్టు మర్నాడు వచ్చింది. కిందింటివాళ్ళకి ఇచ్చేశారు.

అప్పట్నుంచి రోజూ, ఎవరూ పిలవకుండానే, ఆయన వచ్చే వేళకి లిఫ్టు పైకి వచ్చేది. తలుపు తెరుచుకునేది. లోపల ఎవరూ ఉండరు. మామూలుగా తలుపు తెరుచుకుని కాసేపటికి మూసుకుపోతుంది కదా, ఇది మూసుకునేది కాదు. ఎవరో తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టి పట్టుకున్నట్టు అలాగే ఉండేది. ఆయన బట్టలకి ఉండే గ్రీజు వాసన వరండా అంతా నిండేది. ముసలావిడ కుర్చీలో ముందుకి వంగి, "రారా కన్నా, అక్కడే నిలబడిపోయావేంటి, రా," అని బతిమాలేది. పిచుక, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు తల పక్కకి వంచి కూర్చునేది. ఆఖరికి తలుపు మూసుకుని లిఫ్టు దిగిపోయేది. గచ్చు మీద నాలుగు పచ్చి ఆకులు ఉండేవి.

బిల్డింగువాళ్ళు కొత్త మెకానిక్‌ని పిలిపించారు. కుర్రాడు, చురుకైనవాడు. పెట్టె విప్పి, తీగలన్నీ పరీక్షించి, తల గోక్కున్నాడు.

"లిఫ్టులో ఏ లోపమూ లేదక్కా. కింద ఎవరో మీ అంతస్తు బటన్ నొక్కుతున్నారు, పైకొచ్చాక తలుపు తెరిచే బటన్ నొక్కి పట్టుకుంటున్నారు. మిషను దాని పని అది సరిగ్గానే చేస్తోంది."

"లోపల ఎవరూ ఉండరు బాబూ."

"అదే మరి," అని ఆ కుర్రాడు పనిముట్లు సర్దుకున్నాడు. దిగేటప్పుడు లిఫ్టు ఎక్కలేదు, మెట్లు దిగి వెళ్ళాడు.

ఇంట్లో చెట్టు రోజుకింత బలుస్తోంది. తొట్టిలో పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి ఉండేవి కావు. కొమ్మలు కిటికీ వైపు పెరగాలి కదా, గుమ్మం వైపు పెరుగుతున్నాయి. అద్దాలావిడ ఆశ కొంచెం కొంచెంగా భయంలోకి దిగింది. దానికి కారణం చెట్టు కాదు, పిచుక. పిల్ల తిండి తగ్గించింది. ఆటలు మానేసింది. ఒకరోజు చూస్తే బడి బూట్లు తుడిచి, గుమ్మం పక్కన జతగా పెట్టుకుంటోంది.

"బడి సెలవులు కదే, బూట్లెందుకు?"

"నాన్న దగ్గరికి."

అద్దాలావిడ కూలబడినట్టు పీట మీద కూర్చుంది. "నాన్నే వస్తాడన్నావుగా?"

"రాలేకపోతున్నాడమ్మా. నేను వెళ్ళిరా అన్నది చెట్టుకి కదా. సగమే నాన్నకి. సగం మాటకి సగం దూరమే రానిస్తారు. లిఫ్టు దాకా." పిచుక చిన్న తరగతి లెక్క చెప్పినంత ఓపిగ్గా చెప్పింది. "మిగతా సగం నేను వెళ్ళాలి."

"అలా అని నాన్న చెప్పాడా?"

పిల్ల కాస్త ఆలోచించింది. "నాన్న ఏం చెప్పడు. చెట్టు చెబుతుంది."

అద్దాలావిడ ఇక ఆగలేదు. ఆశ లేదు, ఆయన లేడు, గాడిదగుడ్డు లేదు. ఉన్నది ఒక్క పిల్ల. "అత్తయ్యా, ఈ చెట్టుని నేను పారేస్తున్నా, మీరేమనుకున్నా సరే!" అని అరిచి, కొంగు బిగించి, చెట్టుని మానుతో సహా వాటేసుకుంది. లాగింది. అది కదల్లేదు. తొట్టి గచ్చుకి అతుక్కుపోయినట్టుంది. గోడకి కాలు తన్నిపెట్టి, ఉన్న సత్తువంతా పెట్టి వెనక నుంచి నెడితే, అంగుళం అంగుళం కదిలి గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఇరుక్కుంది. కొమ్మలు ద్వారబంధానికి రెండు వైపులా ఆనుకుని బిగుసుకున్నాయి. ఆమె ఇటు పక్క, వరండా అటు పక్క. దూరడానికి సందు లేదు.

అప్పుడు చూసింది, పీట ఖాళీగా ఉంది. బూట్లు లేవు.

కొమ్మల్లోంచి లిఫ్టు కనపడుతోంది. వేళయింది. అది వచ్చింది, తెరుచుకుంది, గ్రీజు వాసన గుప్పున కొట్టింది. పిచుక నడిచి వెళ్ళి లోపల నిలబడింది. బూట్లకి ముడులు కూడా సరిగ్గా వేసుకుంది. ఇటు తిరిగి చెయ్యూపింది.

"అమ్మా, వెళ్తున్నా."

ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. కంటికి కనపడనిది నమ్మనని ఊరంతా చెప్పుకు తిరిగిన అద్దాలావిడ, ఆ మాట విన్నాక మాత్రం క్షణం సందేహించలేదు.

"అలా అనకే! వెళ్ళొస్తాను! వెళ్ళొస్తాననవే తల్లీ!"

"నాన్న అలా అనలేదు కదమ్మా," అంది పిచుక.

తలుపులు కదిలాయి. అద్దాలావిడ కొమ్మల్లోకి చేతులు దూర్చింది. ముళ్ళలాంటి ఆకు చేతుల్ని, మొహాన్ని గీరేసింది. ముందుకి పోవడానికి లేదు. మిగిలింది గొంతొక్కటే. తనలో ఎక్కడో మూలుగుతున్న ఆయన పెళ్ళాన్ని నోరు ముయ్యమని, పిచుక తల్లిగా అరిచింది.

"పిచుకా, వెళ్ళిరా! విన్నావా? వెళ్ళిరా! ఇది మొత్తం నీకే! చెట్టుకి లేదు, ఎవ్వరికీ సగం లేదు! మీ నాన్నకి కూడా లేదు! మొత్తం నీకే చెబుతున్నా, వెళ్ళిరా!"

తలుపు మూసుకుంది.

తలుపు పైన ఎర్ర అంకెలు ఒక్కోటి తగ్గాయి. రెండు, ఒకటి, సున్నా. ఆ బిల్డింగుకి భూమి కింద అంతస్తు లేదు. అంకె ఆరిపోయింది. మోటారు మోత మాత్రం ఆగలేదు. లిఫ్టు దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది. అద్దాలావిడ చెట్టుని పిడికిళ్ళతో కొడుతోంది, పళ్ళతో కొరుకుతోంది, వెళ్ళిరా వెళ్ళిరా అని గొంతు పోయేదాకా అంటూనే ఉంది. వెనక ముసలావిడ వచ్చి నిలబడింది. ఆవిడకి ఏం వినపడిందో, ఎంత వినపడిందో గానీ, రారా కన్నా అన్న మాట ఆ సాయంత్రం ఆవిడ నోట రాలేదు.

మోత ఆగింది.

మళ్ళీ మొదలైంది. చీకటి గాజు మీద సున్నా వెలిగింది. ఒకటి. రెండు.

చేతుల కింద కొమ్మలు ఒక్కసారిగా వదులయ్యాయి. పచ్చగా ఉన్న ఆకు గోధుమరంగుకి తిరిగి, జలజలా రాలిపోయింది. నిలువు పుల్ల ఒకటి మిగిలి, పక్కకి ఒరిగింది. అద్దాలావిడ దాన్ని తొక్కుకుంటూ వరండాలోకి పడింది.

లిఫ్టు తెరుచుకుంది. పిచుక ఒక్కతే ఉంది. ముక్కు ఎర్రబడి, మూతి ముడుచుకుని, ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది. ఏడాదిగా ఏడవని ఏడుపంతా అప్పుడే ఏడుస్తోంది. తల్లి లాక్కుని గుండెలకి హత్తుకుంటే, పిల్ల చేతి చూపుడువేలు గట్టిగా తగిలింది. ఎక్కడో గీసుకుపోయినట్టుంది. దాని చుట్టూ పసుప్పచ్చ టేపు, కొస లోపలికి మడిచి ఉంది. కొత్త టేపు, ఇంకా జిగురు వాసన పోలేదు.

లిఫ్టు తలుపు మూసుకోలేదు. ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు అలాగే తెరిచి ఉంది.

"నాన్నకి నేనంటే ఇష్టం లేదు," అంది పిచుక వెక్కుతూ. "నేను అంత దూరం వెళ్తే, ఉండమనలేదు. కట్టు కట్టి, లిఫ్టు ఎక్కించేశాడు. రేపు మళ్ళీ వస్తానన్నా. అప్పుడు... అప్పుడేమో..."

"ఏమన్నాడమ్మా?"

"వెళ్ళిరా అనలేదమ్మా. వెళ్ళు అన్నాడు. ఉట్టినే వెళ్ళు అన్నాడు."

మళ్ళీ రావొద్దని కూతురికి చెప్పడానికి ఆయనకి ఆ ఇంటి మాటల్లో ఇంకో మాట లేదు. తిరిగి రావడం లేని మాటని ఆయన తల్లిని ఉడికించడానికి తప్ప ఏనాడూ వాడలేదు. అద్దాలావిడ పిల్ల తల నిమురుతూ, ఏడుస్తూ, అత్తగారి వైపు చూసింది. ఇప్పుడు తిడుతుంది. ఎక్కడున్నా తిడుతుంది. వెళ్ళు ఏంటి, వెళ్ళు, వెళ్ళిరా అను అంటుంది.

ముసలావిడ చేతికర్ర మీద ఆనుకుని లిఫ్టు దాకా వెళ్ళింది. ఖాళీ గచ్చు వైపు, గ్రీజు వాసన వైపు చాలాసేపు చూసింది. చేతికర్ర మీది టేపు మడతని బొటనవేలితో ఓసారి తడిమింది.

"పిల్లని తిరిగి పంపించావు. అంతే చాలు," అంది. "నేనే నిన్ను ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబెట్టాను కన్నా. వెళ్ళు."

తలుపు మూసుకుంది. లిఫ్టు కిందికి దిగాక, మెట్ల మీదుగా ఏ అరుపూ రాలేదు. ముగ్గురూ అది వస్తుందేమోనని అక్కడే నిలబడి విన్నారు.